తోలిన మన్ను

అయినా, చెప్పేటప్పుడు తెలిసి చెప్పాడా అంటే అదీ కాదు. నోరు తెరిచాడు, మాట వచ్చింది, అంతే. దప్పికైనవాడి చెయ్యి చెంబు వైపు పోయినట్టు నాలుక దానంతట అది పోయింది. "మా చేను పుట్టుకతోనే నల్లది మేడం." అన్న తర్వాత కొల్లప్ప తన గొంతు తాను విన్నాడు. అది తన గొంతు కాదు, నాయనది. "పుట్టుకతోనే" దగ్గర ఆ చిన్న ఒత్తు, "నల్లది" అనేటప్పుడు గడ్డం కొంచెం పైకి లేవడం, అన్నీ కదిరయ్యవే. కదిరయ్య పోయి ఇరవై రెండేళ్ళయింది.

కొల్లప్ప గుంత అంచున కూర్చుని కాళ్ళు లోపలికి వేలాడేశాడు. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు గుంత. నాలుగు గోడలూ కొడవలితో కోసినట్టు నిటారుగా ఉన్నాయి. పైన జానెడు మందాన బూడిద రంగు మన్ను. దాని కింద ఎర్ర మొరం. రెంటికీ మధ్య దారం పట్టి గీసినట్టు ఒక గీత. నలభై ఏళ్ళుగా ఈ అరెకరం దున్నుతున్నాడు. ఎన్నడూ పైనుంచి తప్ప చూడలేదు. భూమిని పక్కనుంచి చూడటం ఇదే మొదలు. ఎర్రటి చాప మీద ఎవరో నల్లటి దుప్పటి పరిచినట్టుంది. దుప్పటి పుట్టుకతో రాదు.

శిల్పశ్రీ గుంతలోనే ఉంది. ముప్పై దాటని పిల్ల. తలకు తువాలు చుట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, తాపీ మొనతో ఆ గీత వెంబడే గీకుతోంది. బెంగళూరులో ఏదో ఆఫీసు ఆమెది. తల్లిది మడకశిరట, మాట మన మాటే. బలసముద్రం అవతల సోలార్ ప్లాంట్లకు పోయే రోడ్డును వెడల్పు చేస్తున్నారు. చేసే ముందు ఆ దారిలో భూమి కింద పాతకాలపువి ఏమైనా ఉన్నాయా అని ఒకరు వెతికి రాసివ్వాలి. ఆ పనికి ఆమెకు ఇచ్చింది ఐదు రోజులు. ఇవాళ ఐదోది.

"పుట్టుకతోనే నల్లదైతే కింద కూడా నల్లగానే ఉండాల గదన్నా," అంది తల ఎత్తకుండా.

కొల్లప్ప వేలాడేసిన కాళ్ళు పైకి లాక్కున్నాడు.

ఆమె గోడలోంచి ఒక గడ్డ పెరికి అరచేతిలో పెట్టుకుని పైకి చాపింది. బూడిద రంగులో, బొరియలు బొరియలుగా, ఒక పక్క గాజులా మెరుస్తూ ఉంది. అట్లాంటివి కొల్లప్ప నాగలికి వేలకొద్దీ తగిలి ఉంటాయి. చిట్టెపు రాళ్ళంటారు వాటిని. గట్టు మీదికి విసిరేయడమే.

"ఇది రాయి కాదన్నా, పేడ. మూడు నాలుగు వేల ఏండ్ల కింద ఆవుల మందలు కట్టినోళ్ళు పేడంతా కుప్పబోసి కాల్చేవాళ్ళు. ఏండ్ల తరబడి కాలిస్తే అది కరిగి ఇట్లా అయితాది. అంత మంట పెట్టినారంటే కింద మన్ను కూడా కాలి ఉండాల. ఈడ మొరం పచ్చిగా ఉండాది. అంటే కాలింది ఈడ కాదు." ఇప్పుడు తల ఎత్తింది. "మీవాళ్ళు యాడనుంచన్నా పాటిమన్ను తోలినారా?"

పాటిమన్ను. పాత ఊళ్ళ దిబ్బలు తవ్వి, ఎరువుగా చేలకు తోలుకునే మన్ను. ఈ తాలూకాలో ఎవరు తోలలేదు? అడిగితే చెప్పడానికి ఎవరికీ సిగ్గుండదు. ఈ ఒక్క చేనుకు తప్ప.

"లేదు మేడం."

ఆమె కాసేపు అతని ముఖం వైపే చూసింది. తర్వాత ప్యాంటుకు చేతులు తుడుచుకుని నోటుపుస్తకం తీసింది. రాస్తూనే, రాసినదాన్ని బయటికి చదివింది, అతనికి వినబడాలని. "బయటినుంచి మన్ను తోలలేదనీ, చేను మొదటినుంచీ నల్లదేననీ భూమి యజమాని చెప్పినాడు." పెన్ను ఆపింది. "ఇట్లే రాసేదా?"

"రాయండి."

నాయన మాట కాయితం ఎక్కింది. ఇన్నాళ్ళూ అది నోళ్ళలో బతికింది, నోళ్ళతో పాటు పోయేది. ఇక పోదు.

*

రోడ్డుకు ఇటు పక్క కొల్లప్ప నల్లచేను, అటు పక్క మందదిబ్బ. దిబ్బంటే పెద్దదేం కాదు. ఇద్దరు మనుషుల ఎత్తు, చుట్టూ ముళ్ళకంప, లోపల కెంచమ్మ గొర్రెలు. ఆమె అత్తమామల కాలం నుంచీ మంద అక్కడే. మంద కట్టే చోట పార పెట్టకూడదని వాళ్ళకొక ఆన. తొలిచూలు గొర్రె ఈనితే మొదటి పాలు ఆ మన్నులో పోశాక గానీ పిల్లకు తాగనివ్వరు.

రోడ్డు ఏదో ఒక పక్కకు పెరగాలి. ఇంజనీరు నందీష్ ఎర్ర రిబ్బను కట్టిన మేకులు దిబ్బ పక్కన కొట్టించాడు. దిబ్బలో పాతది ఏదైనా ఉందని తేలితే ఆ మేకులు పెరికి ఇటు పక్క, నల్లచేనులో కొట్టాలి. మూడో దారి లేదు. అవతలంతా కంచె, కంచె లోపల సోలార్ అద్దాలు. ఆ అద్దాల కింద కొల్లప్ప మిగతా ఆరెకరాలూ ఉన్నాయి, లీజుకిచ్చినవి. ఇచ్చేటప్పుడు ఊరంతా ఇచ్చారు, తనూ ఇచ్చాడు. రామాంజినమ్మ "ఆ ముక్క కూడా ఇచ్చేయి, ఎందుకు పీడ" అంటే మాత్రం పెళ్ళాం మీద చెయ్యెత్తినంత పని చేశాడు. ఇది ఇచ్చేది కాదు. ఇది నాయన చేను. పక్క చేలలో వేరుశనగ చెట్టుకు ఎనిమిది కాయలుంటే దీంట్లో ముప్పై. నాయన ఒక చెట్టు పెరికి, వేళ్ళ మన్ను దులపకుండా, నాగలమడిక సంతకు భుజాన వేసుకుని పోయేవాడు, అందరూ చూడాలని.

మొదటి రోజు శిల్పశ్రీ దారి పొడుగునా నడుచుకుంటూ, కుండపెంకు కనిపించిన చోటల్లా చిన్న పసుపు జెండా గుచ్చుకుంటూ వచ్చింది. నల్లచేనులోకి వచ్చేసరికి ఆమె చేతిలో జెండాలు అయిపోయాయి. దిబ్బ మీద ఒక్క జెండా లేదు. మోకాటి లోతు గొర్రె పెంటిక కింద పెంకు ఎట్లా కనపడుతుంది? జెండాలు నిండిన చేను పెళ్ళిపందిరిలా ఉంది. కొల్లప్ప గట్టు మీద నిలబడి చూస్తూ, గడ్డం పైకెత్తుకుని ఉన్నాడు. అప్పుడే కెంచమ్మ కర్ర పట్టుకుని రోడ్డు దాటి వచ్చింది.

"అమ్మయ్యా, ఆ పెంకులు ఈ చేనివి గాదు. మా దిబ్బవి. ఈయప్ప నాయన బండ్లకెత్తుకొని పోయినాడు."

శిల్పశ్రీ అతని వైపు తిరిగింది. కొల్లప్ప తన చూపుడు వేలు కణతకు ఆనించి, రెండుసార్లు తిప్పి, నవ్వాడు. నందీష్ కూడా నవ్వాడు. అంతే. కెంచమ్మ మాట అక్కడే పడిపోయింది. నాలుగు గుంతలు తవ్వాలని నిర్ణయమైంది, నాలుగూ నల్లచేనులోనే.

ఆ వేలు ఇప్పుడు అతని చేతికే ఉంది. ఐదు రోజులుగా దాన్ని చూసుకుంటున్నాడు. బీడీ వెలిగించేటప్పుడు, ముద్ద పిసికేటప్పుడు. నోటిమాట నాయనది అనుకుంటే, సరే. ఆ వేలు ఎవరిది? నాయన ఎప్పుడూ అట్లా తిప్పలేదు. అది అచ్చంగా తనదే. తన సొంతంగా ఈ కథలో తాను కలిపింది ఏదైనా ఉంటే అదొక్కటే.

*

అప్పుడు అతనికి ఎనిమిదేళ్ళు. ఎండాకాలం మేతకు మందలను తోలుకుని కెంచమ్మ మామవాళ్ళు నిడుగల్లు కొండల వైపు పోతే మూడు నెలలు తిరిగి వచ్చేవాళ్ళు కాదు. వాళ్ళు పోయిన మర్నాడే నాయన బండి కట్టేవాడు. రోజుకు మూడు బండ్లు. అట్లా మూడు ఎండాకాలాలు. పట్టపగలే తోలాడు. ఊరికి తెలియదా అంటే తెలుసు. తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. మిగిలినవాళ్ళకు అది కెంచమ్మ తిట్లలో ఒక తిట్టు.

తన పని బండి మీద కూర్చుని మన్ను జారకుండా కాళ్ళతో తొక్కడం. మన్ను మెత్తగా, వెచ్చగా ఉండేది. కాలివేళ్ళ మధ్యకు వచ్చేది. రోడ్డు దాటేటప్పుడల్లా నాయన వెనక్కి తిరగకుండా అడిగేవాడు.

"ఎవురన్నా అడిగితే ఏం చెప్తావురా?"

"మా చేను పుట్టుకతోనే నల్లది."

తడబడకుండా చెబితే బెల్లం ముక్క. తడబడితే చెర్నాకోల కర్ర వీపుకు తగిలేది, గట్టిగా కాదు, తగిలేది. రోజుకు మూడు బండ్లు, మూడు సార్లు. మొదట్లో అది అబద్ధమని తెలిసి చెప్పాడు. ఏ రోజు నుంచి తెలియకుండా చెప్పాడు? ఆ రోజు కోసం కొల్లప్ప ఎంత వెతికినా దొరకదు. బెల్లం రుచి దొరుకుతుంది. రోడ్డు అంచున చక్రం ఎగిరిపడటం దొరుకుతుంది. ఆ రోజు దొరకదు.

ఒకసారి కాలి కింద గట్టిగా తగిలింది. తీసి చూస్తే మట్టి ఎద్దు. వేలెడు పొడుగు. మూపురం ఉంది, ఒక కొమ్ము ఉంది, రెండో కొమ్ము విరిగింది. ముఖం మీద రెండు చుక్కలు, కళ్ళనుకుని ఎవరో గోటితో గుచ్చినవి. దాన్ని నిక్కరు జేబులో వేసుకున్నాడు. రెండు రోజులు ఉంది జేబులో. మూడో రోజు నాయనకు కనపడింది. తిట్టలేదు, కొట్టలేదు. అడిగి తీసుకుని, బండి చక్రం ముందు పెట్టి, ఎద్దులను అదిలించాడు. మెత్తటి చప్పుడు. చక్రం పోయాక చూస్తే ఎర్రటి పొడి.

"ఇట్లాంటివి ఉంటే మన్ను మనది గాదని తెలిసిపోతాదిరా," అన్నాడు నాయన. ప్రేమగానే అన్నాడు. ఆ ప్రేమను కొల్లప్ప యాభై ఏళ్ళుగా మోస్తున్నాడు. కోపంగా అని ఉంటే ఎప్పుడో దించేసేవాడేమో.

ఏడవలేదు తాను. ఎందుకు ఏడవలేదు? బిడ్డ ఏడ్చే చోటది. ఆ ఏడుపు లోపలికి పోయి ఎక్కడ కూర్చుంది? గుంత గోడ మీద ఆ గీతను చూస్తుంటే ఇప్పుడు అనిపిస్తోంది, తన లోపల కూడా ఎవరైనా ఇట్లా రెండు మీటర్లు చతురస్రంగా తవ్వితే పైన జానెడు నాయన ఉంటాడు. తువాలు చుట్టే తీరు, పెళ్ళాం మీద ఎత్తే చెయ్యి, సంతలో ఛాతీ ముందుకు పెట్టి నడవడం, అన్నీ తోలినవే. బాగా పండినవే, కాదనేదేముంది. దాని కింద ఏముందో తనకే తెలియదు. పచ్చిగా, కాలకుండా ఎంత లోతు ఉందో.

*

మధ్యాహ్నం గట్టు మీది కానుగచెట్టు కింద కూర్చున్నారు. జల్లెడ పట్టే సుంకమ్మ తన ముద్ద విప్పింది. శిల్పశ్రీ డబ్బాలో చిత్రాన్నం ఉంది. కొల్లప్ప కొంచెం దూరంగా కూర్చున్నాడు. కెంచమ్మ గొర్రెలను రోడ్డు దాటించుకుంటూ అటే వచ్చింది. డెబ్భై నాలుగేళ్ళు. నడుము వంగింది గానీ నోరు వంగలేదు.

"ఏం అల్లుడా," అంది దూరం నుంచే, "దొరికిందా మీ నాయన దాచిపెట్టిన రాజ్యం?"

సుంకమ్మ కిసుక్కున నవ్వింది. "ఏం దొరకలేదవ్వా. రెండు తేళ్ళు, ఒక గుట్కా చీటీ."

"గుట్కా చీటీ మనది కాదు. తేళ్ళు మాత్రం మా దిబ్బవే. బండెక్కి వచ్చినాయి."

"ముద్ద తిననీ అత్తా," అన్నాడు కొల్లప్ప.

"తిను నాయనా తిను. యాభై ఏండ్ల నుంచి తింటానే ఉండారు. ఇంక రెండు ముద్దలకు నేను అడ్డమా?"

రోడ్డు మీద బైకు ఆగింది. నందీష్. హెల్మెట్ తియ్యకుండానే దిబ్బ వైపు చెయ్యి చూపించాడు. "అవ్వా, సాయంత్రానికల్లా ఆ కంపంతా తీసెయ్. రేపు మిషన్ వస్తాది."

"నువ్వెవురు నాయనా?"

"రోడ్డు ఇంజనీర్ని. ఎన్నిసార్లు చెప్పల్ల?"

"రోడ్డును పక్కకు పొమ్మని చెప్పు, ఇంజనీర్వి గదా."

"గొర్రెలు పక్కకు పోతాయి గానీ రోడ్డు పోతాదా?"

"అయితే తెచ్చుకో నీ మిషన్ను. నేను దిబ్బ మీదనే కూచోనుంటా. నన్ను కూడా ఆ యమ్మ పుస్తకంలో రాసుకోండి, పాత వస్తువు ఒకటి దొరికిందని."

సుంకమ్మకు పొరబోయింది. శిల్పశ్రీ కూడా నవ్వింది, కానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. డబ్బా మూత పెట్టి కెంచమ్మ దగ్గరికి వచ్చి కూర్చుంది.

"అవ్వా, నీ మాట నేను తీసేసేది లేదు. అయితే దిబ్బ మీద పైకి ఏమీ కనపడలేదు. నీ ఒక్కదాని మాట పట్టుకొని ఇంకొక్క రోజు కావాలంటే నాకు ఇయ్యరు. దిబ్బ నుంచి మన్ను ఎత్తింది కండ్లారా చూసినోళ్ళు ఇంకెవురన్నా ఉండారా?"

"ఉండారు," అంది కెంచమ్మ.

"యాడ?"

"ఆడ. ముద్ద తింటా ఉండాడు."

అందరూ అతని వైపు తిరిగారు. కొల్లప్ప చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. నాలుక మీదికి మాట వచ్చి నిలబడింది. పుట్టుకతోనే. దాని బరువు తెలుస్తోంది, దాని వెనకాల బెల్లం తీపి కూడా తెలుస్తోంది. నోరు తెరిస్తే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది.

నోరు తెరవలేదు. అతను చేయగలిగింది అప్పటికి అంతే. పళ్ళు బిగించి అట్లాగే కూర్చున్నాడు.

"చూసినారా, నోట్లో ముద్ద లేకపోయినా మాట రాదు," అని కెంచమ్మ లేచి, కర్రతో గొర్రెలను అదిలించింది. పోతూ పోతూ ఒక్క క్షణం ఆగింది. తిట్టబోతోంది అనుకున్నాడు. తిట్టలేదు. తన చూపుడు వేలు కణతకు ఆనించుకుని, రెండుసార్లు తిప్పి, అతని ముఖంలోకి చూసింది. తర్వాత తన దారిన తాను పోయింది.

*

రెండింటికి జేసీబీ వచ్చింది. గుంతలు పూడ్చేస్తే పని అయిపోయినట్టే. మొదటి మూడూ పది నిమిషాల్లో పూడిపోయాయి. పసుపు జెండాలను సుంకమ్మ ఏరి గంపలో వేసుకుంది. నాలుగో గుంత పక్కన శిల్పశ్రీ ఇంకా ఏదో కొలుస్తోంది. కొలవడానికేమీ లేదని ఆమెకూ తెలుసు.

"మేడం, ముగిసింది గదా?" నందీష్ వాచీ చూసుకున్నాడు. "ఏమీ దొరకలేదని రాస్తే నాలుగు లైన్లు గదా."

"నాలుగు లైన్లే. పెంకులు ఉండాయి, యాడివో రాసేకి లేదు. అదే కష్టం."

"దొరకనిదాని కోసం బాధ పడేవాళ్ళను ఈ డిపార్టుమెంటులోనే చూసినా."

కొల్లప్ప వింటున్నాడు. వింటూనే లోపల ఇంకొకరితో మాట్లాడుతున్నాడు. ఆ మాటలు కొత్తవి కావు, ఐదు రోజులుగా నడుస్తున్నవే. ఇవాళ మాత్రం నాయన గొంతులో మొదటిసారి బతిమాలడం వినబడింది.

చెప్తే చేను పోతాదిరా.

పోతాది.

రోడ్డు దీని మీదనే వస్తాది. టైర్లు తిరుగుతాయి. నేను మూడు ఎండాకాలాలు నడుములు పడిపోయేట్టు తోలిన మన్ను.

తోలినావు. ఆ మాట నువ్వే అంటివి సూడు.

ఎవురి కోసం తోలినారా? నీ కోసం గాదా?

నిజమే, తన కోసమే. ముప్పై కాయల చెట్లు తన కోసమే. బెల్లం ముక్క తన కోసమే. జేబులోంచి తీసి చక్రం ముందు పెట్టింది కూడా తన కోసమేనా? కొల్లప్ప ఆ ప్రశ్న అడిగాడు. నాయన ఎన్నడూ ఇంతసేపు మాట్లాడకుండా ఉండలేదు.

చేను పోతే తాను ఏమవుతాడు? సంతలో ఎవరవుతాడు? అద్దాల కింద ఆరెకరాలు పోయినప్పుడు కూడా ఇంత భయం వేయలేదు, ఎందుకంటే ఇది మిగిలింది. ఇది కూడా పోతే మిగిలేది తను. అదెట్లా ఉంటుందో యాభై ఎనిమిదేళ్ళలో ఎప్పుడూ చూడలేదు. భయమే వేస్తోంది. కానీ భయం అడుగున ఇంకేదో కూడా ఉంది, మొండిగా, ఎనిమిదేళ్ళ పిల్లవాడు రెండు రోజులు జేబులో చెయ్యి పెట్టుకుని తిరిగినంత మొండిగా. ఇది నాది, ఇయ్యను అన్నట్టు. అప్పుడు అడగగానే ఇచ్చేశాడు. అది ఇయ్యకుండా ఉండాల్సింది.

జేసీబీ తొండం నాలుగో గుంత మీదికి లేచింది.

"ఆపప్పా," అన్నాడు కొల్లప్ప.

డ్రైవరుకు వినబడలేదు. కొల్లప్ప లేచి పోయి తొండం కింద నిలబడ్డాడు. ఇంజను రొద తగ్గింది.

"ఏంది కొల్లప్పా, పొద్దు పోతా ఉండాది," అన్నాడు నందీష్.

అతను వినిపించుకోలేదు. సుంకమ్మ చేతిలోని గంప తీసుకుని జెండాలను కింద పోశాడు. ఆమె "అయ్యో, ఏరింది నేను" అంటుండగానే గుంత పక్కన కుప్పబోసిన మన్ను దగ్గర వంగాడు. రెండు కుప్పలున్నాయి, పైది వేరే, కిందిది వేరే. ఎర్రదాన్ని ముట్టుకోలేదు. బూడిద రంగు కుప్పలోంచి రెండు చేతులా తోడి గంప నింపాడు. పెంకులు, చిట్టెం, అన్నీ. మన్ను అప్పటికీ ఇప్పటికీ అట్లాగే ఉంది, మెత్తగా, వెచ్చగా. తువాలు విప్పి చుట్ట చేసి తల మీద పెట్టుకున్నాడు. నాయన చుట్టినట్టు కాదు. ఎట్లా వస్తే అట్లా చుట్టాడు, ఒక కొన వదులుగా కంటి మీదికి వేలాడింది.

"యాడికి అన్నా, ఆ మన్ను?" శిల్పశ్రీ అడిగింది. ఆమె గొంతు మారింది. చేతిలో పుస్తకం తెరిచి ఉంది.

"యాడిదో ఆడికి."

గంప ఎత్తుకుని నడిచాడు. బరువు మెడలోకి దిగింది. గట్టు దిగి రోడ్డెక్కాడు. సోలార్ ప్లాంటు లారీ ఒకటి హారన్ కొడుతూ వస్తోంది. ఆగలేదు తాను. లారీయే ఆగింది. రోడ్డు అంచున, చక్రం ఎప్పుడూ ఎగిరిపడే చోట, కాలు తడబడింది. ఎవురన్నా అడిగితే ఏం చెప్తావురా? ఎవరూ అడగలేదు. వెనకాల అడుగుల చప్పుడు వినబడుతోంది, శిల్పశ్రీవి, ఆమె వెనక సుంకమ్మవి. "కొల్లప్పా, ఏందిది, ఎవురు చెప్పినారు నీకు?" అని నందీష్ అరుస్తున్నాడు. "ఎవురూ చెప్పలేదు సార్," అన్నాడు, తల తిప్పకుండా. తిప్పితే గంప జారుతుంది.

ఎర్ర రిబ్బను మేకులు దాటాడు. కెంచమ్మ ముళ్ళకంప దగ్గర నిలబడి ఉంది. అతన్ని చూసింది, గంపను చూసింది. కర్రతో కంపను పక్కకు లాగి దారి ఇచ్చింది. గొర్రెలు అటూ ఇటూ చెదిరాయి.

దిబ్బకు పడమర పక్క ఒక పల్లం ఉంది. యాభై వానలకూ యాభై ఏళ్ళ పెంటికకూ పూడీ పూడకుండా మిగిలిన పల్లం. నాయన తవ్వింది, బండి నిలబెట్టింది అక్కడే. ఎవరూ చూపించకుండానే అతని కాళ్ళు అక్కడికి పోయి ఆగాయి.

వంగి, గంప బోర్లించాడు.